ఇంట్లో కూర్చుని రాసేవాళ్లకి టైంటేబుల్: విజయనగరం నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి దగ్గర్లో మా ఇల్లు. పదేళ్ల పైనుంచి ఇంట్లోంచే రాతపని చేస్తున్నాను. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు, యూట్యూబ్ చానళ్లకి స్క్రిప్టులు, వెబ్‌సైట్లకి తెలుగు కంటెంట్, అప్పుడప్పుడూ పత్రికలకి వ్యాసాలు. శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం నుంచి ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఫోన్ చేస్తుంటారు. "అక్కా, పొద్దస్తమానం లాప్‌టాప్ ముందే ఉంటున్నాను, అయినా పని తెమలట్లేదు. మీరు ఎన్నింటికి కూర్చుంటారు?" అని అడుగుతారు.

ఎన్నింటికి కూర్చుంటానో కింద చెబుతాను. కానీ నా టైంటేబుల్ తీసుకెళ్లి మీ ఇంట్లో పెడితే నడవదు. మీ ఇంటికి తగ్గది మీరే ఎలా తయారుచేసుకోవాలో చెప్పడం నా ఉద్దేశం. ఇన్నేళ్లలో నాకు అర్థమైన సంగతి ఇది: కొత్తగా రాయడానికి బుర్ర పనిచేసేది రోజుకి మూడు గంటలు. ఆ మూడు గంటల్ని ముందు స్థిరం చేసుకుంటే మిగతా పనులన్నీ వాటి చుట్టూ సర్దుకుంటాయి. అవి స్థిరంగా లేకపోతే పన్నెండు గంటలు కూర్చున్నా రాత్రికి టెన్షనే మిగులుతుంది.

మొదటి అడుగు: వారం రోజులు లెక్క రాయండి

ఇప్పుడే ఏమీ మార్చకండి. ఒక చిన్న రూళ్ల నోటుబుక్కు కొనుక్కోండి. ఫోన్లో యాప్ వద్దు, టైము రాయడానికి తీసిన ఫోన్ వాట్సాప్‌లోకి లాక్కుపోతుంది. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏ పని మొదలుపెట్టినా టైము వేసి రెండు ముక్కలు రాయండి. నా పాత పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది:

"9.10 అనువాదం మొదలు. 9.25 గ్యాస్ బండ వచ్చింది. 9.40 మళ్లీ కూర్చున్నా. 9.50 ఒక మాటకి తెలుగు వెతుకుతూ నెట్‌లోకి వెళ్లా. 10.20 వదిన ఫోన్. 10.30 ఎక్కడ ఆపానో తెలియక మొదటి నుంచి చదువుకున్నా. 10.50 రెండు పేరాలు. 11.05 కుక్కర్."

దాదాపు రెండు గంటల్లో 140 పదాలు. వారం చివర కూడి చూస్తే రోజుకి తొమ్మిది గంటలు లాప్‌టాప్ ముందున్నాను, నిజంగా రాసింది రెండు గంటల పది నిమిషాలు. ఆ రోజు ఏడుపొచ్చినంత పనైంది. మర్నాడు అదే పేజీని నిదానంగా చూస్తే ఇంకో విషయం కనపడింది. వదిన మాట్లాడింది పది నిమిషాలే. తెగిన దారం మళ్లీ అందుకోవడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. మీ పుస్తకంలో కూడా ఇలాంటి చోట్లు ఉంటాయి. వాటికి ఎర్ర పెన్నుతో గీత పెట్టుకోండి.

రెండో అడుగు: ఏ పనికి ఎంత బుర్ర కావాలో చూసుకోండి

రాతపని అని ఒక్క మాటగా అంటాం గానీ అందులో నాలుగు పనులున్నాయి. కొత్తగా రాయడం, రాసింది దిద్దడం, సమాచారం వెతకడం, మెయిళ్లూ బిల్లులూ చూడడం. మొదటిదానికి తాజా బుర్ర, నిశ్శబ్దం రెండూ కావాలి. చివరి రెండూ కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టుకుంటూ కూడా అయిపోతాయి. చాలామంది పొద్దున్నే మెయిళ్లతో మొదలుపెట్టి మంచి వేళంతా వాటికి పోసేస్తారు. నేను రెండేళ్లు అలాగే చేశాను.

దిద్దడం గురించి కొంచెం చెప్పాలి. రాసిన వెంటనే దిద్దితే మన తప్పులు మనకి కనపడవు. కనీసం ఒక పూట ఎడం ఉండాలి. నేను పొద్దున్న రాసింది సాయంత్రం ఫోన్లోకి తెచ్చుకుని పైకి చదువుతాను. స్క్రీను మారితే కన్ను కొత్తగా చూస్తుంది, పైకి చదివితే కుదరని చోట నోరు తడబడుతుంది. ఒకసారి బ్యాంకు యాప్‌కి చేసిన అనువాదంలో "మీ యొక్క ఖాతా ద్వారా చేయబడిన చెల్లింపు" అని పొద్దున్న రాసేశాను, కన్ను దాటిపోయింది. సాయంత్రం చదువుతుంటే నోటికే రాలేదు. "మీ ఖాతా నుంచి కట్టిన డబ్బు" అని మార్చాను. ఈ ఎడం టైంటేబుల్‌లో లేకపోతే నాణ్యత అనేది మాటల్లోనే ఉంటుంది.

మీ వేగం కూడా కొలవండి. అనుభవం ఉన్న అనువాదకులు సాధారణంగా రోజుకి 2,000 నుంచి 2,500 ఇంగ్లిష్ పదాల పని ఒప్పుకుంటారు. కొత్తవాళ్లు 1,000 దగ్గర మొదలుపెట్టండి. రేటు మాట్లాడేటప్పుడు ఇంగ్లిష్ పదాల లెక్కనా, తెలుగు పదాల లెక్కనా అనేది మొదటి మెయిల్లోనే తేల్చుకోవాలి. ఇంగ్లిష్‌లో మూడు మాటలు పట్టేది తెలుగులో "ఇంట్లో" అని ఒక్క మాటలో అయిపోతుంది. విభక్తులు చాలావరకు మాటకే అతుక్కుంటాయి కాబట్టి తెలుగు లెక్క మామూలుగా తక్కువే వస్తుంది. అదే పనికి, అదే రేటుకి చేతికొచ్చే డబ్బు తగ్గిపోతుంది. నా మొదటి పెద్ద పనిలో ఇది తెలియక తెలుగు లెక్కకి ఒప్పుకుని బాగా నష్టపోయాను.

మూడో అడుగు: ఇంటి గడియారం చూడండి

ఇంటికి దాని గడియారం దానికుంటుంది. మునిసిపల్ కుళాయి ఎన్నింటికి వస్తుంది, పాలు ఎప్పుడొస్తాయి, స్కూలు బస్సు ఎన్నింటికి, పెద్దవాళ్ల మందులు, సీరియల్ వేళ, ఎదురింటి మిక్సీ. వీటన్నిటినీ ఒక కాగితం మీద గంటల వారీగా రాయండి. కాగితంలో తెల్లగా మిగిలిన చోట్లే మీ రాతవేళలు. నాకు రెండు దొరికాయి. తెల్లవారుజామున 4.45 నుంచి 6.15 వరకు, అంటే కుళాయి రాకముందు. మళ్లీ ఉదయం 9.45 నుంచి 11.15 వరకు, అంటే పాప బడికి, అత్తమ్మ పూజకి వెళ్లాక. రెండూ కలిపితే మూడు గంటలు.

మన తీరంలో తొందరగా తెల్లారుతుంది, మే నెలలో ఐదున్నరకే వెలుగొచ్చేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఉక్కకి కూర్చుని వాక్యం కట్టడం నా వల్ల కాదు, కాబట్టి తెల్లవారుజాము నాకు కలిసొచ్చింది. రాత్రి పదింటి తర్వాతే బుర్ర వెలిగేవాళ్లూ ఉన్నారు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఉండే ఒక తమ్ముడు రాత్రి 10.30 నుంచి 1.30 వరకు రాస్తాడు, పొద్దున్న తొమ్మిదిదాకా పడుకుంటాడు, చక్కగా నడుస్తోంది. మధ్యాహ్నం కునుకుతో కలిపి నిద్ర ఏడు గంటలకి తగ్గకుండా చూసుకుంటే ఏ వేళైనా మంచిదే.

ముక్కలుగా రాసే పద్ధతి గురించి అడుగుతుంటారు. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పొమొడోరో పద్ధతిని ఇటలీకి చెందిన ఫ్రాన్చెస్కో చిరిల్లో 1980ల చివర్లో తయారుచేసుకున్నాడు, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని. దిద్దుబాటుకి అది బాగుంటుంది. కొత్త రాతకి మాత్రం నాకు 25 నిమిషాలు చాలవు, ఊపు అందుకునేసరికి గంట మోగుతుంది. నేను 45 నిమిషాలు పెట్టుకుంటాను.

నాలుగో అడుగు: ఇంట్లోవాళ్లతో మాట్లాడండి

అన్నిటికన్నా కష్టమైనది ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. టైంటేబుల్ గోడకి అంటించినంత మాత్రాన అది ఇంటికి తెలియదు.

మొదట్లో నేను తలుపు వేసుకుని కూర్చునేదాన్ని. పది నిమిషాలకి అత్తమ్మ తలుపు తట్టేవారు. "ఏటమ్మా, తలుపేసుకున్నావు, ఒంట్లో బాగోలేదా?" ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ చూసిన ఉద్యోగాలన్నీ క్యారేజీ పట్టుకుని బయటికి వెళ్లేవే. మా ఆయన రోజూ రైలెక్కి విశాఖ వెళతారు, అది ఉద్యోగం. నేను నైటీలో కూర్చుని లాప్‌టాప్ చూస్తుంటే అది ఉద్యోగమని ఆవిడకి ఎలా తెలుస్తుంది? బంధువులు కూడా అంతే. "ఇంట్లోనే ఉంటుంది కదా" అని బ్యాంకు పని, కరెంటు బిల్లు, ఆసుపత్రికి తోడు, అన్నీ నా మీదకే వచ్చేవి.

ఒక నెల డబ్బులొచ్చిన రోజు అత్తమ్మ పక్కన కూర్చుని బ్యాంకు మెసేజి చదివి వినిపించాను. ఈ అంకె ఏ పనికి వచ్చిందో, ఆ పని ఏ గంటల్లో చేశానో నోటుబుక్కు తీసి చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పి, తట్టి లేపిన టైములన్నీ ఎర్ర గీతలతో కనపడితే, "ఇన్నిసార్లు పిలిచానేటి?" అన్నారు. నేను కాదనలేదు. అప్పుడే ఒక గుర్తు పెట్టుకున్నాం. తలుపు గడియకి ఎర్ర తువ్వాలు కట్టి ఉంటే పిలవకూడదు, తీసేస్తే ఎన్నిసార్లయినా పిలవొచ్చు. ఆ తువ్వాలు ఇప్పటికీ ఉంది. ఎవరైనా వస్తే "కోడలు డ్యూటీలో ఉంది, పదకొండుంబావుకి వస్తుంది, కూర్చోండి" అని అత్తమ్మే చెబుతారు.

ఈ ఒప్పందం ఒకవైపు నుంచే నడవదు. నేనూ ఒక మాట ఇచ్చాను. సాయంత్రం నాలుగింటికి టీ పెట్టుకుని అరగంట ఆవిడతో కూర్చుంటాను, ఫోన్ లోపలే ఉంటుంది. ఆ అరగంట నేను తప్పితే మర్నాడు ఎర్ర తువ్వాలుకి విలువుండదని నాకు తెలుసు.

బంధువుల పనులకి "రాను" అనకండి, మన ఊళ్లలో ఆ మాట ఏళ్ల తరబడి గుర్తుండిపోతుంది. "పదకొండున్నర తర్వాత వస్తాను పిన్నీ" అనండి. చాలా పనులు పదకొండున్నర తర్వాత కూడా అవుతాయి. ఆసుపత్రి, చావు, పురుడు వీటికి మాత్రం టైంటేబుల్ చూడొద్దు.

చిన్నపిల్లలున్న తల్లులకి మూడు గంటలు ఒక్కచోట దొరకవు. వాళ్లు రోజుకి ఒక గంటన్నరకి మాత్రమే పని ఒప్పుకోండి. బిడ్డ బడికి వెళ్లాక పెంచుకోవచ్చు.

ఐదో అడుగు: క్లయింటు గడియారాన్ని మన గడియారంలోకి మార్చండి

హైదరాబాద్ క్లయింటుతో ఈ గొడవ లేదు. బయటి దేశాల పని చేసేవాళ్లు ఇది రాసి గోడకి అంటించుకోండి. న్యూయార్క్‌లో సాయంత్రం ఐదంటే మనకి వేసవిలో మర్నాడు తెల్లవారుజాము 2.30, శీతాకాలంలో 3.30. వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. లండన్ సాయంత్రం ఐదంటే మనకి వేసవిలో రాత్రి 9.30, శీతాకాలంలో 10.30, వాళ్లు మార్చేది మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో.

"శుక్రవారం సాయంత్రానికి" అని ఎవరు రాసినా, "భారత కాలమానం ప్రకారం శుక్రవారం రాత్రి తొమ్మిదికి పంపుతాను" అని తిరిగి రాయండి. న్యూయార్క్ లెక్కన మనకి శనివారం తెల్లవారుజాము వరకు వెసులుబాటు ఉన్నా దాన్ని రాతకి వాడకండి, ఏదైనా తేడా వస్తే దిద్దుకోవడానికి ఉంచుకోండి. వీడియో కాల్ అడిగితే సాయంత్రం ఆరున్నర, ఏడున్నర మధ్య ఇవ్వండి. అది లండన్‌కి మధ్యాహ్నం, న్యూయార్క్‌కి పొద్దున్న.

నా రోజు ఇలా ఉంటుంది

4.30కి లేస్తాను. మొహం కడుక్కుని, ఒక గ్లాసు నీళ్లు తాగి, నెట్ ఆపేసి కూర్చుంటాను. 6.15కి కుళాయి చప్పుడు వినగానే లేస్తాను. అక్కడి నుంచి 9.30 దాకా ఇల్లే. నీళ్లు, టిఫిను, క్యారేజీలు, పాప జడ, స్కూలు బస్సు. ఈ మూడు గంటల్లో పని గురించి ఆలోచించను అంటే అబద్ధం, పొద్దున్న చిక్కుపడ్డ వాక్యం అంట్లు తోముతుంటే విడిపోతుంది. వంటింటి కిటికీలో పెన్సిల్, పాత క్యాలెండర్ కాగితం ఉంచుకుంటాను.

9.45కి ఎర్ర తువ్వాలు. 11.15కి తీసేస్తాను. చోడి (రాగి) అంబలి తాగి వంట. ఆ మధ్యలోనే మెయిళ్లు చూస్తాను, రోజులో మొదటిసారి అప్పుడే. మధ్యాహ్నం భోజనమయ్యాక అరగంట నడుం వాలుస్తాను. 2.30 నుంచి 4 వరకు సమాచారం వెతుక్కోవడం, ఫోన్లు, టైపింగ్ సాధన. కొత్తవాళ్లు తెలుగు అక్షరాలు నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి తెలుగు తెప్పించుకుంటే వత్తుల దగ్గర ప్రతిసారీ ఆగాల్సి వస్తుంది. రోజుకి ఇరవై నిమిషాల చొప్పున రెండు నెలలు కొడితే చేతికి వచ్చేస్తుంది.

నాలుగింటికి టీ. ఐదు నుంచి ఆరు వరకు పొద్దుటిది దిద్దడం. ఆ తర్వాత అయ్యకోనేరు గట్టు వైపు నడక. రోజంతా నాలుగు గోడల మధ్య ఉండేవాళ్లకి ఈ నడక మందుతో సమానం. ఏడు తర్వాత ఇల్లు, పాప హోంవర్కు. 9.45కి పడక. తెల్లవారుజామున రాయాలనుకునేవాళ్లు రాత్రి సీరియల్ వదులుకోవాల్సిందే.

శనివారం మధ్యాహ్నం బిల్లులకి. పంపిన బిల్లులు, రావాల్సిన డబ్బు, గడువు దాటినవి ఒక పేజీలో రాసుకుంటాను. కంపెనీలు చాలావరకు 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కోసి పంపుతాయి, ఆ కోత మీ పాన్ మీద జమ అయిందో లేదో ఇన్‌కంట్యాక్స్ పోర్టల్లో చూసుకోండి. ఆదివారం లాప్‌టాప్ తెరవను.

వారానికి ఎంత పని ఒప్పుకోవాలి? మీ వేగం ప్రకారం వారంలో 10,000 పదాలు చెయ్యగలిగితే 7,000కే ఒప్పుకోండి. మిగతాది జ్వరాలకి, చుట్టాలకి, కరెంటుకి.

కరెంటు, నెట్, తుఫాను

రోజువారీ కోతలకి పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. లాప్‌టాప్, ఫోన్ రెండూ రాత్రే నిండా చార్జ్ పెట్టండి, ఫోన్లో వేరే కంపెనీ సిమ్ ఒకటి ఉంచుకోండి. లైన్ల మరమ్మతుకి కరెంటు తీసేస్తామని ముందురోజు పేపర్లో వేస్తారు, అది చూసి ఆ రోజు రాతవేళ మార్చుకోండి. చెప్పకుండా పోతే 1912కి ఫోన్ చెయ్యండి.

తుఫాను సంగతి వేరు. 2018లో దసరాకని శ్రీకాకుళం జిల్లా తీరంలో ఉన్న మా పుట్టిల్లు ఉద్దానం వెళ్లాను, చేతిలో 6,000 పదాల పని ఉంది, నాలుగు రోజుల గడువు. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను తీరం దాటింది. తెల్లారేసరికి మా నాన్నగారు పెంచిన కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోట నేలకొరిగి ఉన్నాయి. స్తంభాలు పడిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. పని ముప్పాతిక వంతు అయింది, అది లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. క్లయింటుకి ఒక్క మాట చెప్పే దారి లేదు. వారం తర్వాత సిగ్నల్ దొరికేసరికి ఆ పని ఇంకొకరికి ఇచ్చేశారు. చేసినదానికి డబ్బు రాలేదు.

ఆ ఏడాది నుంచి నాకు మూడు నియమాలు. ఏ రోజు రాసింది ఆ రోజే మెయిల్లో నాకు నేను పంపుకుంటాను. పెద్ద పనైతే సగం అవగానే క్లయింటుకి పంపేస్తాను. ప్రతి క్లయింటుకీ హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడి నంబరు ఇస్తాను. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడగానే చేతిలో ఉన్న పనుల్ని గడువుకి రెండు రోజుల ముందే పూర్తిచేసేలా చూసుకుంటాను. మీరూ అలాగే చెయ్యండి.

పండగల క్యాలెండర్

ఉగాదికి పంచాంగం కొన్నాక సంవత్సరం మొత్తానికి సెలవులు రాసేసుకోండి. మా ఊరికి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అన్నిటికన్నా పెద్దది. దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను, ముందురోజు తొలేళ్లు. సిరిమాను అంటే చివర పూజారి కూర్చునే పొడవాటి మాను, అది గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ దారి పక్కనే ఇల్లు కాబట్టి మాకు ఆదివారం నుంచే చుట్టాలు దిగుతారు, ఒక్కో ఏడు ఇరవైమంది. ఆ నాలుగు రోజులూ రాత ఉండదని నెల ముందే క్లయింట్లకి మెయిల్ పెడతాను. ఇంతవరకు ఒక్కరూ కాదనలేదు. ముందురోజు చెబితే మాత్రం కోపం వస్తుంది, రావాలి కూడా. సంక్రాంతి నాలుగు రోజులూ ఇంతే. మాఘం, శ్రావణాల్లో పెళ్లిళ్లు ఎక్కువ, ఆ నెలల్లో కొత్త క్లయింట్లని తీసుకోను. మూఢం వచ్చిందంటే పెళ్లిళ్లుండవు, పెద్ద పనులు అప్పుడు ఒప్పుకుంటాను.

రోజు పాడైపోతే

పాపకి జ్వరం వచ్చిందనుకోండి. మూడు గంటల మాట మర్చిపోండి, నలభై నిమిషాలు చాలు. ఆ నలభై నిమిషాల్లో గడువు దగ్గరపడ్డ పనిని ముట్టుకోండి, మిగతా క్లయింట్లకి ఒక్కో వాక్యంలో ఆలస్యం చెప్పండి. పోయిన గంటల్ని రాత్రి మేలుకుని పూడ్చకండి, మర్నాటి తెల్లవారుజాము కూడా పోతుంది.

కంటికి ఇబ్బందిగా ఉంటే కంటి డాక్టర్లు చెప్పే 20 లెక్క పాటించండి: 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడడం. మా కిటికీలోంచి ఎదురింటి కొబ్బరిచెట్టు సరిగ్గా అంత దూరంలో ఉంటుంది.

రాత్రి పడుకునే ముందు చెయ్యాల్సింది ఇంకొకటి ఉంది. రేపు పొద్దున్న రాయాల్సిన మొదటి వాక్యాన్ని సగం రాసి ఆపండి. ఫైలు తెరిచే ఉంచి లాప్‌టాప్ మూసేయండి. పొద్దున్న 4.45కి మూత తీయగానే సగంలో ఉన్న వాక్యం ఎదురుగా ఉంటుంది, ముందు దాన్ని పూర్తిచెయ్యండి.